ఐర్లాండ్ ‘ఎస్’ అంది, మరి అప్పు తగ్గిందా?

2012 మే 31న ఐర్లాండ్ ప్రజలు యూరప్ ఆర్థిక ఒప్పందంపై ఓటేశారు. బడ్జెట్‌లో నిర్మాణాత్మక లోటు (మాంద్యం వంటి తాత్కాలిక కారణాలు తీసేస్తే మిగిలే లోటు) జీడీపీలో 0.5 శాతం దాటకూడదని, అప్పు 60 శాతం మించితే ఆ మించిన దాన్ని ఏటా ఇరవయ్యో వంతు చొప్పున తగ్గించుకోవాలని అందులో షరతులు. ప్రచారంలో మాత్రం ఇంకో ప్రశ్న గట్టిగా నలిగింది. బ్యాంకుల అప్పు తగ్గించమని అడుగుతున్న దేశం ముందే సంతకం పెట్టేస్తే, తర్వాత దాని మాట వినేదెవరు?

ఈ ప్రశ్న 2008 సెప్టెంబర్ 29 రాత్రి పుట్టింది. ప్రధాని బ్రయన్ కోవెన్, ఆర్థిక మంత్రి బ్రయన్ లెనిహన్ తెల్లారేలోగా బ్యాంకులకు ప్రభుత్వ హామీ ఇచ్చేశారు. సుమారు 44,000 కోట్ల యూరోల పూచీ అది. డిపాజిటర్లతో పాటు బాండ్లు కొన్నవాళ్లూ ఒడ్డున పడ్డారు. రియల్ ఎస్టేట్‌కు అడ్డూ అదుపూ లేకుండా అప్పులిచ్చిన ఆంగ్లో ఐరిష్ బ్యాంకును 2009 జనవరిలో జాతీయం చేశారు. దాన్ని, ఐరిష్ నేషన్‌వైడ్ వంటి మరికొన్ని సంస్థల్ని నిలబెట్టడానికి చేతిలో నగదు లేక, 2010లో ప్రభుత్వం ప్రోనోట్లు రాసిచ్చింది. మొత్తం దాదాపు 3,100 కోట్ల యూరోలు, ఏటా మార్చి 31న 310 కోట్ల వాయిదా. ఆంగ్లో ఆ నోట్లను ఐరిష్ సెంట్రల్ బ్యాంకులో తాకట్టు పెట్టి అత్యవసర నిధులు తెచ్చుకుంది. ఆ నిధులు ఆపాలన్నా కొనసాగించాలన్నా చివరి మాట యూరోపియన్ సెంట్రల్ బ్యాంకుదే. 2010 నవంబర్‌లో దాని అధ్యక్షుడు ట్రిషే, బెయిలవుట్ (ఈయూ, ఐఎంఎఫ్‌ల ఆర్థిక సాయం) అడగకపోతే ఆ నిధులు కొనసాగవని లెనిహన్‌కు లేఖ రాశారు. అదే నెలలో 8,500 కోట్ల యూరోల ప్యాకేజీ కుదిరింది.

‘నో’ అనమన్నవాళ్ల ధైర్యానికి కారణం లేకపోలేదు. 2001లో నీస్ ఒప్పందాన్ని, 2008లో లిస్బన్ ఒప్పందాన్ని ఐరిష్ ఓటర్లు తిప్పికొట్టారు. రెండోసారి ఓటింగ్ పెట్టే ముందు పన్నులు, సైనిక తటస్థత వంటి వాటిపై యూరప్ హామీలు ఇవ్వక తప్పలేదు. ఒకసారి పని చేసిన మొండితనం మళ్లీ పని చేస్తుందని సిన్ ఫేన్ లాంటి పార్టీల లెక్క.

ఒప్పందం రాసినవాళ్లు ఆ దారి ముందే మూసేశారు. పదిహేడు యూరో దేశాల్లో పన్నెండు ఆమోదిస్తే చాలు, అమల్లోకి వస్తుంది. ఐర్లాండ్ ఒక్కటే అడ్డుపడితే ఆగేది కాదు. పైగా ఆమోదించని దేశానికి ఈఎస్‌ఎం అనే శాశ్వత సహాయ నిధి నుంచి కొత్త సాయం అందదన్న షరతు కూడా ఉంది. మళ్లీ బెయిలవుట్ కావాల్సి వస్తే ఎలాగన్న టెన్షన్‌లో ఉన్న దేశానికి అసలు దెబ్బ ఇదే. ఒప్పందాన్ని తిరగదోడతానని గెలిచిన ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒలాండ్ అంతటివాడే దాని వాక్యం ఒక్కటి మార్చలేకపోయాడు.

60.3 శాతం ‘ఎస్’ అన్నారు. నెల తిరిగేలోగా, జూన్ 29న, యూరో నేతలు బ్యాంకుల భారాన్ని ప్రభుత్వాల నెత్తి నుంచి విడదీస్తామని ప్రకటిస్తూ ఐర్లాండ్ పేరు ప్రత్యేకంగా ఎత్తారు. ప్రధాని ఎండా కెన్నీ ప్రభుత్వం పండగ చేసుకుంది. సెప్టెంబర్‌లో జర్మనీ, నెదర్లాండ్స్, ఫిన్లాండ్ ఆర్థిక మంత్రులు హెల్సింకీలో కూర్చుని, పాత నష్టాలు ఆయా దేశాలవేనని తేల్చేశారు.

ఆఖరికి కదలిక 2013 ఫిబ్రవరి 6 రాత్రి వచ్చింది. ఆంగ్లోను మింగిన ప్రభుత్వ బ్యాంకు ఐబీఆర్‌సీని మూసేసే బిల్లును పార్లమెంటు తెల్లవారేలోగా నెగ్గించింది. అధ్యక్షుడు మైకేల్ హిగ్గిన్స్ ఇటలీ పర్యటన ఆపుకుని వచ్చి సంతకం చేశారు. ప్రోనోట్ల స్థానంలో సుమారు 2,500 కోట్ల దీర్ఘకాలిక బాండ్లు వచ్చాయి. తొలి గడువు 2038, ఆఖరిది 2053. మన ఊళ్లలో నోటు తిరగరాసుకోవడం లాంటిదే ఇది: వాయిదా దూరం జరిగింది, అసలు తగ్గలేదు. దీనిపై యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అప్పటి అధ్యక్షుడు ద్రాఘి నోటి నుంచి వచ్చింది ‘గమనించాం’ అన్నంత వరకే.

నా అంచనాలో, పోగొట్టుకోవడానికి 2012లో ఐర్లాండ్ చేతిలో పెద్ద బేరమేమీ మిగల్లేదు. అది 2008లోనే పోయింది. ‘ఎస్’ కొంత మర్యాద తెచ్చి ఉండవచ్చు, కానీ పాత బ్యాంకు నష్టాలను ఈఎస్‌ఎం భరించడం మాత్రం జరగనే లేదు.