ఫార్మాట్ కొట్టేముందు ఒక్క పెన్‌డ్రైవ్

పాలకొల్లు దగ్గర మా బాబాయిది కొబ్బరికాయల వ్యాపారం. ఎవరి తోటలో ఎన్ని కాయలు దింపారో, ఎవరు ఎంత బాకీయో అంతా ఓ పాత కంప్యూటర్లో ఉంటుంది. మొన్న వానల్లో కరెంటు పదిసార్లు పోయి వచ్చిన రోజు సాయంత్రం ఆన్ చేస్తే నల్ల తెర మీద ఒకటే లైను, ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని. రిపేరు కుర్రాడు చూసి "ఫార్మాట్ కొట్టేద్దామండి, ఫైళ్ళు పోయినట్టే" అన్నాడట. బాబాయి నాకు ఫోన్ చేసి "ఆరేళ్ళ లెక్కలురా" అన్నాడు, అంతే.

మన శివారు చేలకి నీళ్ళు రాకపోతే గోదారి ఎండిపోయిందని ఎవరూ అనుకోరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు పెద్ద కాలువ, పిల్ల కాలువ, తూము, బోదె దాటి చేలోకి రావాలి, మధ్యలో ఎక్కడ తలుపు బిగుసుకున్నా అక్కడే ఆగిపోతాయి. కంప్యూటరు లేవడమూ ఇంతే. స్విచ్ నొక్కగానే మదర్‌బోర్డు చిప్‌లో ఉండే బయోస్ అనే ప్రోగ్రాము ముందు మెమరీ, కీబోర్డు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, హార్డ్‌డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో 446 బైట్లు ఓ బుల్లి ప్రోగ్రాము, 64 బైట్లు డిస్కును ఎలా పంచారో చెప్పే పట్టిక, చివరి 2 బైట్లు గుర్తు. 446 బైట్లంటే ఎంతో తెలుసా, ఈ పేరాలో మొదటి రెండు వాక్యాలు కూడా పట్టవు! ఆ కాస్త చోటు చెడితే విండోస్ లేవదు, కానీ వెనకాల లెక్కల ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. (కొత్త లాప్‌టాపుల్లో బయోస్ బదులు యూఈఎఫ్ఐ ఉంటుంది, దాని దారి వేరు, కథ మాత్రం ఇదే.)

తలుపు బిగుసుకుంటే మనవాళ్ళు ఆయిల్ ఇంజను పెట్టి ఇంకో వైపు నుంచి తోడుకుంటారు కదా, హార్డ్‌డిస్కుతో పనిలేకుండా కంప్యూటరుని బయటి నుంచి లేపే రెస్క్యూ డిస్క్ చేసే పని అది. 1995లో ఎల్ టొరిటో అనే పద్ధతి వచ్చాక సీడీ నుంచి కంప్యూటరుని లేపడం, అంటే బూట్ చేయడం కుదిరింది, 2000లో క్లౌస్ క్నోపర్ అనే జర్మన్ ఇంజనీరు క్నోపిక్స్ పేరుతో విండోస్ లాంటిదే అయిన లినక్స్‌ని పూర్తిగా ఒక్క సీడీలో కుక్కేశాడు. అది సీడీ, ర్యామ్‌లతోనే నడుస్తుంది, మనం చెప్పకుండా హార్డ్‌డిస్కులోని మన ఫైళ్ళ జోలికి పోదు.

ఇప్పుడు సీడీ బదులు పెన్‌డ్రైవ్. నెట్ నుంచి దిగిన ఐఎస్‌ఓ ఫైలుని (సీడీ మొత్తం ఒకే ఫైలుగా) అందులోకి ఊరికే కాపీ చేస్తే బూట్ అవదు, రూఫస్ లాంటి ప్రోగ్రాముతో ఎక్కించాలి. నేను సిస్టమ్‌రెస్క్యూ అనే ఇలాంటి లినక్స్‌నే ఎక్కించుకుని వెళ్ళాను.

బాగు చేయాలని చెయ్యి దురద పెడుతుంది గానీ ముందు చేయాల్సింది కాపీ. డిస్కు టకటకమంటుంటే రిపేరు జోలికి అస్సలు పోవద్దు, అప్పుడు డీడీరెస్క్యూ అనే కాపీ ప్రోగ్రాము వాడాలి, అది సులువుగా చదవగలిగే భాగాలన్నీ ముందు లాగేసి మొండికేసే చోట్లని చివర్లో చదవడానికి అట్టేపెడుతుంది, చచ్చే డిస్కుతో అంతకంటే తెలివైన బేరం లేదు. డిస్కుకి బిట్‌లాకర్ (విండోస్ వేసే తాళం) వేసి ఉంటే మాత్రం, మామూలుగా 48 అంకెల రికవరీ కీ లేకుండా ఈ పెన్‌డ్రైవ్‌తో ఫైళ్ళు తెరుచుకోవు.

బాబాయి డిస్కు నిశ్శబ్దంగానే ఉంది. బయోస్‌లో బూట్ వరస మార్చి పెన్‌డ్రైవ్‌ని ముందు పెట్టగానే లినక్స్ లేచింది, ఫోల్డర్లన్నీ కనబడ్డాయి, బాబాయి కుర్చీ లాక్కుని కూర్చుని బాకీల ఫైలు తెరిపించి చూసుకున్నాడు. విండోస్ లేవడానికి కావలసిన చిన్న పార్టిషన్ (డిస్కులో ఓ వాటా) ఒక్కటే పట్టికలోంచి పోయింది, అన్నీ వేరే డిస్కులోకి కాపీ అయ్యాకే టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాముతో దాన్ని వెతికించి పట్టిక మళ్ళీ రాయించాను. విండోస్ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఫోను. "మళ్ళీ పోయిందిరా, ఏదో కొత్త బొమ్మ వస్తోంది."

నేనే ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటరుకే గుచ్చి వదిలేసి వచ్చాను.