గోలీసోడా లెక్క

చూలై, మద్రాసు

చిట్టికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

వానలో బుజ్జి సైకిలుతో సహా గుంటలో పడ్డాడని మీ అమ్మ ఫోన్ చేసింది. మోకాలు గీరుకుపోయిందని ఆమె టెన్షన్ పడుతుంటే వెనక నుంచి చిట్టి గొంతు వినిపించింది: "తాతయ్యా, గుంట తవ్వినవాళ్ల మీద కేసు వెయ్యొచ్చా? గెలిస్తే డబ్బులు ఎవరిస్తారు?" ముప్పై ఏళ్లు వకీలు గుమస్తాగా బతికినవాణ్ణి, ఆ ప్రశ్న వినగానే ప్రాణం లేచొచ్చింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

దీనికి ముందు నా గోలీసోడాల కథ చెప్పాలి. నాకప్పుడు పదేళ్లు. మా వీధి చివర సోడాకొట్టు అన్నాచ్చి ఖాళీ బుడ్లన్నీ చెక్కపెట్టెలో పేర్చి బయట పెట్టేవాడు. ఆకుపచ్చ సీసాలు, మెడలో గోలీ, వేలితో నొక్కితే 'కీచ్' మని అరిచి గ్యాసు ఎగదన్నేది. ఆ చప్పుడు కోసమే సోడా తాగేవాళ్లం. ఒకరోజు నలుగురం క్రికెట్ ఆడుతున్నాం. ఒకడు బంతి వేశాడు, ఒకడు బాదాడు, ఒకడు క్యాచ్ వదిలాడు. నేను గోడ మీద బొగ్గుతో స్కోరు రాస్తున్నాను. బంతి వెళ్లి సరిగ్గా పెట్టె మీద పడింది. డజను సీసాలు!

అన్నాచ్చి నేరుగా వచ్చి ఎవరి చెవి పట్టుకున్నాడనుకున్నారు? నాదే. ఎందుకంటే మా నాన్నకు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, ఒకటో తారీఖున జీతం. మిగతా ముగ్గురి ఇళ్లలో ఆ పూట బియ్యానికే వెతుకులాట. నాన్న డజను సీసాల డబ్బూ కట్టి, "మిగతావాళ్ల వాటా నువ్వే వసూలు చేసుకో" అన్నాడు. నాకు వసూలైంది రెండు గోలీలు, కాస్త మాంజా దారం. ఆ దారం కూడా ముళ్లు పడినదే.

చిట్టీ, కోర్టులో కూడా చాలాచోట్ల ఇదే లెక్క. నలుగురి తప్పు కలిసి ఒకడికి దెబ్బ తగిలితే, అతను ఆ నలుగురిలో ఎవరి దగ్గరైనా మొత్తం రాబట్టుకోవచ్చు. కట్టినవాడు తక్కినవాళ్ల వెంట తిరగాలి. ఊళ్లో ఒకటో తారీఖు జీతగాడు ఎవరు? మునిసిపాలిటీ. కాంట్రాక్టరు బోర్డు తిప్పేసి మాయమవుతాడు. లారీవాడి దగ్గర పైసా ఉండదు. మునిసిపాలిటీ మాత్రం ఇల్లు మారదు, ఊరు వదిలిపోదు. మా వకీలుగారు దావాలో ప్రతివాదుల పేర్లన్నీ రాయించి, చివర్లో ముక్కుపొడి పీలుస్తూ "ఊరిని కూడా చేర్చవోయ్" అనేవారు.

అమెరికాలో ఊళ్లు ఈ లెక్క మీద గోలపెట్టాయి. 1980ల మధ్యలో అక్కడ ఇలాంటి పరిహారాల కోసం ఊళ్లు కట్టే బీమా ఖర్చు విపరీతంగా పెరిగింది. 1986 జూన్‌లో కాలిఫోర్నియా జనం ఓటు వేసి ఈ పద్ధతి మార్చుకున్నారు. 51వ ప్రతిపాదన అంటారు దాన్ని. ఆస్పత్రి బిల్లు, పోయిన జీతంలాంటివి ఇదివరకులాగే ఎవరి దగ్గరైనా మొత్తం అడగొచ్చు. బాధకు, మనోవేదనకు ఇచ్చే పరిహారం మాత్రం ఎవరి తప్పు ఎంతో అంతే. అంటే సీసాల ఖరీదు అంతా మా నాన్నే కట్టాలి. అన్నాచ్చి గుండె పగిలినందుకు మాత్రం నా వాటాకి తగ్గంతే. నేను స్కోరే రాశాను కాబట్టి ఇంకా తక్కువే!

ఊరి ఖజానాకు కాస్త ఊపిరి ఆడింది. కానీ మిగతావాళ్లు చేతులెత్తేస్తే వాళ్ల వాటా బాధ దెబ్బ తిన్నవాడికే మిగిలిపోతుంది. ఇక్కడ నా మనసు అన్నాచ్చి వైపే మొగ్గుతుంది. ఎందుకో చెప్తాను. డబ్బు కట్టిన మర్నాడే మా ఆటను పక్కనున్న ఖాళీ స్థలంలోకి మార్పించింది మా నాన్నే. పావలా వంతు కట్టి ఊరుకుని ఉంటే అంత శ్రద్ధ పుట్టేదా?

మన దేశంలోనూ ఊరి మీద బాధ్యత పడిన కథ ఒకటుంది. ఢిల్లీ చాందినీ చౌక్‌లో టౌన్‌హాలు ఎదురుగా ఒక గడియారపు గోపురం ఉండేది. ఒకరోజు అది కూలిపోయి కింద ఉన్న జనం చచ్చిపోయారు. కట్టి ఎనభై ఏళ్లయింది. ఆ రకం సున్నపు కట్టడానికి ఆయుష్షు నలభై, నలభై ఐదేళ్లే. లోపం లోపల దాగి ఉంది, పైకి కనబడలేదన్నా ఒప్పుకోక, 1966లో సుప్రీంకోర్టు అక్కడి కార్పొరేషన్‌దే బాధ్యత అంది. సొంతదారు తట్టి చూసుకోవాలి కదా.

మన దగ్గర సంస్కరణ ఎవరు ఎంత కట్టాలన్నదాని మీద కాక, ఎక్కువగా కోర్టు గడువుల మీద నడిచింది. ప్రభుత్వం మీద దావాకు రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలన్నది 1908 నాటి మాట, ఇప్పటికీ ఉంది. 2002 జులై నుంచి ప్రతివాది 30 రోజుల్లో, మహా అయితే 90 రోజుల్లో జవాబు వేయాలన్నారు. 2005లో సేలం లాయర్ల కేసులో సుప్రీంకోర్టు ఆ గడువును కాస్త సడలించింది. వాయిదాల కట్టలు మోసిన నా భుజానికి ఆ సడలింపు అంతగా నచ్చలేదు. అది వేరే ఉత్తరం.

ఇంతకీ చిట్టి ప్రశ్నకు జవాబు: ఊరు ఓడిపోతే డబ్బు ఇచ్చేది తాతయ్యే. నేను ఆరు నెలలకోసారి కట్టే ఇంటి పన్ను కూడా ఆ సంచిలోకే వెళ్తుంది. వీధి దీపం కొనేదీ అందులోంచే, బుజ్జి మోకాలికి కట్టు కట్టేదీ అందులోంచే.

కానీ బుజ్జి పడిన గుంట ఎవరిది? మీరు ఒక పని చెయ్యండి. మద్రాసులో వాననీటి కాలువ కార్పొరేషన్‌ది, మురుగునీటి గొట్టం 1978లో పుట్టిన మెట్రో వాటర్‌ది, కరెంటు కేబుల్ విద్యుత్ సంస్థది. ఇంటి దగ్గర నుంచి స్కూలు దాకా దారిలో ఎన్ని మూతలున్నాయో, ఏ మూత మీద ఎవరి అక్షరాలున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. అక్షరాలు లేనివాటిని వేరే పేజీలో రాయండి. వానలో వద్దు, నీళ్లు తీశాకే వెళ్లండి. బుజ్జి పడినచోట చుట్టూ ఉన్న మూతల బొమ్మ గీసి నాకు పంపండి.

మీ తాతయ్య