ఫోన్లో పశువైద్యం: అపోహలు, వాస్తవాలు

విజయవాడలో క్లినిక్ నడుపుతూనే, రోజులో కొంతసేపు ఫోన్లో, వీడియోలో పశువులనూ పెంపుడు జంతువులనూ చూస్తున్నాను. గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువు ముగించుకుని వచ్చే పిల్లలు ఈ దారి గురించి ఆశగా అడుగుతుంటారు. పాడి రైతులు అనుమానంగా అడుగుతారు. కుక్కల్నీ పిల్లుల్నీ పెంచేవాళ్లు ఏమీ అడగరు, నేరుగా ఫొటో పంపేస్తారు. ముగ్గురూ అనుకునే వాటిలో కొన్నిటిని సరిచేయాలి.

అపోహ: డిగ్రీ చేతికి రాగానే పేడలో కాలు పెట్టకుండా ఇంట్లో కూర్చుని వైద్యం చేయవచ్చు.

వాస్తవం: ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల చదువు, ఆ తర్వాత కౌన్సిల్ రిజిస్ట్రేషన్. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం కింద రిజిస్టరు కాకుండా పశువైద్యం చేయకూడదు, అది ఫోన్లోనైనా సరే. ఇది కాగితం మీది అర్హత మాత్రమే.

ఈనిన మర్నాడు గేదె లేవడం లేదని కంకిపాడు వైపు నుంచి ఫోను వస్తుంది. మెడ డొక్కవైపు తిప్పుకుని పడుకుంది, చెవులు చల్లగా ఉన్నాయి అంటారు. రక్తంలో కాల్షియం పడిపోయి వచ్చే పాల జ్వరమని వెంటనే అనుమానించవచ్చు. కానీ ఆ కాల్షియాన్ని రక్తనాళంలోకి నెమ్మదిగా, గుండె చప్పుడు వింటూ ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోవచ్చు. కాబట్టి పశువుల అంబులెన్సు నంబరు 1962కి గానీ దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ ఫోను చేయమంటాను. వాళ్లు వచ్చేలోగా గేదె ఒక పక్కకు పూర్తిగా ఒరిగిపోకుండా గడ్డి నింపిన బస్తాలు ఆనించి కూర్చోబెట్టాలి. నోట్లో బెల్లం నీళ్లు, నూనె, ఏదీ పోయకూడదు. మింగలేని పశువుకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఈ నాలుగు మాటలు తడుముకోకుండా చెప్పాలంటే అంతకుముందు అలాంటి గేదెల పక్కన రాత్రిళ్లు కూర్చుని ఉండాలి. అందుకే జూనియర్లకు నేను చెప్పేది: ముందు డిస్పెన్సరీలోనో, డెయిరీలోనో, రద్దీగా ఉండే క్లినిక్‌లోనో కొన్నేళ్లు పనిచేయండి. ఫోను ఎక్కడికీ పోదు.

అపోహ: వీడియోలో అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: పసుపు బల్బు వెలుగులో కామెర్లు కనిపించవు. మొహాన్ని అందంగా చూపించే ఫోన్లు కుక్క చిగుళ్లను కూడా గులాబీ రంగుకు తిప్పేస్తాయి. కుక్క రక్తహీనతతో తూలుతుంటే వీడియోలో మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది! అందుకే ముందు పగటి వెలుగులోకి తీసుకురమ్మంటాను. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. అందరూ ప్రేమగా మొహమే చూపిస్తారు. నాకు కావలసింది పక్క నుంచి, కాస్త దూరంగా నిలబడి తీసిన అర నిమిషం వీడియో. డొక్కల కదలికను బట్టి ఊపిరి లెక్కపెట్టుకుంటాను.

పశువు దగ్గరైతే అవతల ఉన్నవాళ్ల చేతులే నా చేతులు.

"ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి అలాగే ఉంచు బాబూ. లోపలి నుంచి నెడుతోందా?"

"నెట్టిందండీ... ఆగింది. ఆఁ, మళ్లీ నెట్టింది డాక్టరు గారూ."

నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా నెడితే కడుపు పనిచేస్తున్నట్టే. నెమరు వేస్తోందా, ముట్టె తడిగా ఉందా, పేడ ఎలా ఉంది, థర్మామీటరు ఎంత చూపించింది (ఆవుకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ వరకు మామూలే) అన్నవి కూడా తెలిస్తే సగం పని అయినట్టు. మిగతా సగానికి స్టెతస్కోపు, రక్తపరీక్ష కావాలి.

అపోహ: మందు పేరు చెబితే చాలు, మిగతాది మెడికల్ షాపువాడు చూసుకుంటాడు.

వాస్తవం: మనకు మామూలుగా అనిపించే పారాసిటమాల్ పిల్లికి విషం. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్‌ను మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లోనే పశువులకు నిషేధించారు, అయినా ఆ పేరు పట్టుకుని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. యాంటీబయోటిక్ ఇస్తే ఆ మందుకు చెప్పిన గడువు ముగిసేదాకా పాలు కేంద్రానికి పోయకూడదు. ఇది వినగానే చాలామంది ఫోను పెట్టేస్తారు.

2020 మార్చిలో వచ్చిన టెలీమెడిసిన్ (ఫోన్లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాలు మనుషుల డాక్టర్ల కోసం రాసినవి. వాటిని చూపించి "మీరూ మందులు రాసివ్వచ్చు కదా" అనకండి. కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి పశువైద్యుడు జంతువును తొలిసారి వీడియోలోనే చూడవచ్చన్న చట్టం ఉంది, అది అక్కడి సంగతి. నేనైతే ఎప్పుడూ చూడని పశువుకు ఫోన్లో యాంటీబయోటిక్ చెప్పను.

అపోహ: ఇదంతా విజయవాడ పటమటలో పగ్ కుక్కలు పెంచేవాళ్లకే, పల్లెకు పనికిరాదు.

వాస్తవం: నిజానికి పల్లెలోనే బాగా కుదురుతుంది. అక్కడ పశుసంవర్ధక సహాయకులు, పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలు ఉంటారు. ప్రభుత్వం అనుమతించిన శిక్షణ పొందినవారు రిజిస్టర్డ్ డాక్టరు పర్యవేక్షణలో చిన్నపాటి సేవలు చేయడానికి చట్టంలోనే వీలుంది. పశువును ఒడిసి పట్టుకోవడం తెలిసిన మనిషి అవతల ఉంటే వీడియోకు విలువ పెరుగుతుంది. పట్నంలో పిల్లిని పట్టుకోమంటే ఇల్లంతా పరుగులే.

అపోహ: ఫోన్లో మాటే కదా, ఫీజు ఎందుకు?

వాస్తవం: మాటకే ఫీజు. నేను ఆపరేషన్ చేసిన కుక్క కుట్లు ఎలా ఉన్నాయో ఫొటో పంపితే మాత్రం తీసుకోను.

అపోహ: అత్యవసరమైతే ముందు వీడియో కాల్, తర్వాత ఆసుపత్రి.

వాస్తవం: ఎడమ డొక్క డోలులా బిగుసుకుని పశువు ఊపిరికి ఎగబీలుస్తున్నా, ఈనడం మధ్యలో ఆగిపోయినా, మగ పిల్లి మూత్రం కోసం ముక్కుతూ చుక్క కూడా పోయలేకపోతున్నా, కుక్కపిల్ల వాంతులతో పాటు రక్త విరేచనాలు చేసుకుంటున్నా నాకు వీడియో పంపుతూ కూర్చోవద్దు. పెంపుడు జంతువునైతే ఆటో ఎక్కించండి, దారిలోంచి ఫోను చేయండి. పెద్ద పశువుకైతే 1962. కుక్క మిమ్మల్నే కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, టీకా కోసం మనుషుల ఆసుపత్రికి వెళ్లండి. కుక్క సంగతి తర్వాత మాట్లాడుకుందాం.