నైట్రేట్ సున్నా అయిందని సంబరపడకండి: కార్బన్ డోసింగ్‌పై అపోహలు, వాస్తవాలు

రీఫ్ ట్యాంకుల (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంల) నిర్వహణ నా వృత్తి. నీటిలోని నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ బ్యాక్టీరియా తినేసేలా వోడ్కా, వెనిగర్ లాంటి కర్బన ద్రవాలు కొలిచి పోయడమే కార్బన్ డోసింగ్. దాని గురించి నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఒకే తీరుగా నడుస్తాయి. "నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. నీళ్లు తేటగా ఉన్నాయి. స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే యంత్రం) బ్రహ్మాండంగా లాగుతోంది. మరి పగడాలెందుకు వెలిసిపోతున్నాయి? ఏం తక్కువైందంటారు?" తక్కువైనవి ఆ రెండేనని చెబితే నమ్మరు. ఏదో ఖనిజమో, లైటు లోపమో ఉందని చెప్పాలి, కొత్త సీసా ఒకటి కొనమనాలి. అప్పుడు కుదుటపడతారు.

అపోహ: పోషకాలు ఎంత తగ్గితే అంత మంచిది, సున్నా అయితే మరీ మంచిది.

నేను చూసిన వాటిలో ఎక్కువ ట్యాంకులను ముంచింది ఈ ఒక్క నమ్మకమే. మిగతా అపోహల వల్ల పోయేది కాస్త డబ్బు, కాస్త సమయం. దీనివల్ల ఏళ్ల తరబడి పెంచుకున్న పగడాలే పోతాయి.

పగడం కణజాలంలో ఉండే జూక్సాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి ఇస్తాయి. అవి బతకాలంటే నైట్రేట్, ఫాస్ఫేట్‌లలో ఉండే నత్రజని, భాస్వరం కావాలి. అవి అందకపోతే మొదట రంగు పలచబడుతుంది, తర్వాత పగడంలోని చిన్న జీవులైన పాలిప్‌లు బయటికి రావడం మానేస్తాయి, చివరికి కణజాలం ఊడి కింది తెల్లటి అస్థిపంజరం కనబడుతుంది. "సముద్రంలోనూ దాదాపు సున్నాయే కదా" అని వాదించేవారు ప్రతిచోటా ఉంటారు. నీటిలో కరిగి ఉండేది అక్కడ తక్కువే, నిజమే. కానీ పగడపు దిబ్బ మీదుగా ప్లాంక్టన్ రాత్రింబవళ్లు కొట్టుకొస్తూనే ఉంటుంది, చేపల గుంపులు కొమ్మల మధ్యే తిరుగుతూ అక్కడే విసర్జిస్తాయి. అంటే అక్కడ నిల్వ తక్కువే అయినా రాబడికి లోటు లేదు. మన గాజు పెట్టెలో ఆ రాబడి లేదు. ఉన్న కాస్త నిల్వనూ ఊడ్చేస్తే ఇక తినడానికేముంది?

నేను చూసుకునే ట్యాంకుల్లో నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో భాగాలు) మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉంచుతాను. నైట్రేట్ 15 ఉండి పగడాలు కళకళలాడుతుంటే దాన్ని తగ్గించాలన్న తొందర నాకు లేదు, మీకూ అక్కర్లేదు. రంగు చూసి పోల్చుకునే టెస్ట్ కిట్‌లో సున్నాకూ 1కీ మధ్య తేడా కనిపెట్టడమే కష్టం. అక్కడ "సున్నా" అంటే అడుగంటిపోయిందన్న హెచ్చరికగా తీసుకోండి.

సున్నా దగ్గర మరో ప్రమాదం కాచుకుని ఉంటుంది: డైనోఫ్లాజెలేట్లు (డైనోలు) అనే ఏకకణ జీవులు. పోషకాలు అడుగంటి, పోటీపడే ఇతర సూక్ష్మజీవులు బలహీనపడితే ఇవి మేడెక్కి కూర్చుంటాయి. ఇసుక మీద, రాళ్ల మీద గోధుమ రంగు జిగురు, అందులోంచి లేచిన తీగల చివర చిన్న చిన్న గాలి బుడగలు. రాత్రి పలచబడి, లైట్లు వెలిగాక మధ్యాహ్నానికి మళ్లీ దట్టంగా పరుచుకుంటుంది. చాలామంది దీన్ని మామూలు నాచు అనుకుంటారు, నాచు అంటే పోషకాలు ఎక్కువయ్యాయనుకుంటారు, డోసు ఇంకా పెంచుతారు. ఇంతకంటే ఖరీదైన పొరపాటు ఈ పనిలో నేను చూడలేదు. ఒకాయన రాళ్లన్నీ తీసి ఎండబెట్టి ట్యాంకు మళ్లీ మొదటినుంచి కట్టారు. అంత పని అవసరమే లేదు.

ముందు అది డైనోనా కాదా చూడాలి. ఆ జిగురును కొంచెం ట్యాంకు నీటితో సహా చిన్న సీసాలోకి తీసుకుని గట్టిగా కుదిపి, టిష్యూ కాగితంతో వడకట్టి, ఆ నీటిని వెలుతురులో ఓ గంట పెడతాను. తేరిన నీటిలో మళ్లీ పోగులు పోగులుగా చేరితే దాదాపు అనుమానం లేనట్లే. సూక్ష్మదర్శిని ఉంటే రకం కూడా తేలుతుంది, అది తేలడం ముఖ్యం. ఆస్ట్రియోప్సిస్ అనే రకం రాత్రిపూట నీటిలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపానికి దొరుకుతుంది. ఆంఫిడీనియం ఇసుకలోనే ఉండిపోతుంది, దాని మీద యూవీ పెద్దగా పనిచేయదు. ఏ రకమైనా మొదటి పని మాత్రం ఒకటే: కార్బన్ డోసింగ్ ఆపి నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ కొలవగలిగే స్థాయికి తీసుకురావడం. అవసరమైతే వాటి ద్రావణాలు కొలిచి మరీ పోస్తాను. "ఇన్నాళ్లూ తీయమన్నారు, ఇప్పుడు పోయమంటున్నారా" అని అడుగుతారు. తీయమన్నది నేను కాదండీ.

అపోహ: ఫాస్ఫేట్ దిగకపోతే వోడ్కా పెంచాలి.

కర్బనం తిని పెరిగే బ్యాక్టీరియా నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ ఒక పాళ్లలో తమ శరీరంలోకి తీసుకుంటాయి. రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి ప్రకారం నత్రజని పరమాణువులు 16 అయితే భాస్వరానిది 1. బరువులో లెక్కేస్తే 10 పీపీఎం నైట్రేట్‌కు సుమారు 1 పీపీఎం ఫాస్ఫేట్. అంటే నైట్రేట్ ముందే అయిపోతే ఫాస్ఫేట్ ఎక్కడిదక్కడే ఆగిపోతుంది, మీరు ఎంత కర్బనం పోసినా సరే. అలాంటప్పుడు కొంచెం నైట్రేట్ కలిపితే ఫాస్ఫేట్ కదులుతుంది, లేదా ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ రేణువులు (జీఎఫ్ఓ) కొద్దిగా వాడుకోవచ్చు. అయితే కార్బన్ డోసింగ్‌తో పాటు జీఎఫ్ఓ నిండుగా పెడితే ఫాస్ఫేట్ ఉన్నట్టుండి సున్నా అవుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: వోడ్కా అయినా వెనిగర్ అయినా ఒకటే కొలత.

40 శాతం వోడ్కాలో ఉన్నంత కర్బనం 5 శాతం వెనిగర్‌లో రావాలంటే సుమారు ఎనిమిది రెట్లు పోయాలి. వెనిగర్ పట్టిక చూసి వోడ్కా పోస్తే ఏమవుతుందో ఓ తెల్లవారుజామున వెళ్లి కళ్లారా చూశాను. నీళ్లు పాలవిరుగుడులా ఉన్నాయి, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఊపిరికి తన్నుకుంటున్నాయి. ఉవ్వెత్తున పెరిగిన బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను లాగేశాయి. గాలి రాయి వేసి, పంపును నీటి ఉపరితలం వైపు తిప్పి, స్కిమ్మర్‌ను పూర్తిగా తెరిచి, కార్బన్ ఆపించాను. చేపలు దక్కాయి. ఆ ఇంటావిడ రాత్రంతా నిద్రపోకుండా ట్యాంకు ముందే కూర్చున్నారట. ఆమెను ఏమనగలను? పట్టికలో ఏ ద్రవం కొలతో రాయకుండా పంచినవారిని అనాలి.

100 లీటర్లకు రోజుకు 0.1 మి.లీ. వోడ్కాతో మొదలుపెట్టి, వారం వారం కొలుస్తూ కొంచెం కొంచెంగా పెంచడమే సరైన దారి. నైట్రేట్ దిగడం మొదలైతే పెంచడం ఆపండి, లక్ష్యానికి చేరాక తగ్గించండి. రెండు మూడు వారాల వరకు ఏమీ కనబడకపోవచ్చు, కంగారు పడకండి. పగలు పోయండి, రాత్రి ఎలాగూ ఆక్సిజన్ తక్కువ.

ఇక మిగిలినవి.

స్కిమ్మర్ లేకుండా చేయొచ్చా? వద్దు. పెరిగిన బ్యాక్టీరియాను బయటికి తీసేది అదే, గాలి కలిపేదీ అదే. తీయకపోతే అవి అక్కడే చచ్చి, తీసుకున్నదంతా తిరిగి నీటిలో కలుపుతాయి. కప్పులో చిక్కటి నల్లటి మడ్డి పడుతుంటే పని జరుగుతున్నట్టే.

ఆల్కలినిటీకి (నీటి క్షారతకు) దీనితో సంబంధం లేదా? ఉంది. పోషకాలు తక్కువగా ఉన్న ట్యాంకులో దాన్ని 10, 11 డీకేహెచ్‌కు (ఆల్కలినిటీ కొలమానం) తీసుకెళితే ఆక్రోపొరా అనే కొమ్మల పగడం కొనలు మాడిపోతాయి. 7.5, 8 దగ్గర కదలకుండా ఉంచండి.

బయోపెల్లెట్లు వేసి మర్చిపోవచ్చా? అవీ కర్బనమే, పైగా రోజువారీ డోసులా తగ్గించే వీలు లేదు. గుళికలు కొన్ని తీసేయడమో, ప్రవాహం తగ్గించడమో చేయాలి.

ఒక్కసారిగా ఆపేయొచ్చా? డైనోలు వచ్చినప్పుడు, ఆక్సిజన్ పడిపోయినప్పుడు తప్ప వద్దు. వారానికి పావు వంతు చొప్పున తగ్గించండి.

రుచి కలిపిన వోడ్కా? వద్దు. సాదాది చాలు.

చేపలకు మత్తెక్కుతుందా? ఎక్కదు. 100 లీటర్లలో 1 మి.లీ. పోసినా ఆల్కహాల్ 4 పీపీఎం, అదీ బ్యాక్టీరియా తినేసేవరకే.