పట్టీలు నల్లబడినట్టే ఫొటోలు పసుపెక్కుతాయి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా పెద్దమ్మ వాళ్లింట్లోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. టీవీ, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా మేడ మీదికి మోశారు. బీరువా కింది అరలో ఉన్న ఆల్బమ్‌లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక, బురద కారుతున్న రెండు ఆల్బమ్‌లను, ఉత్తరాల కట్టను ఒక బకెట్‌లో పెట్టుకుని పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. డిగ్రీలో నేను కెమిస్ట్రీ చదివానని ఆమెకు గట్టి నమ్మకం. "చూడరా, ఏమన్నా బాగుపడతాయేమో" అంది.

ఆ బకెట్‌లో మూడు తరాల ఫొటోలున్నాయి. అన్నిటికన్నా పాతవే అన్నిటికన్నా బాగున్నాయి. 1950ల్లో గుంటూరు బ్రాడీపేటలో ఒక స్టూడియోలో తీయించుకున్న అమ్మమ్మ, తాతయ్యల నలుపు తెలుపు ఫొటో అంచుల్లో మరకలు తప్ప చెక్కుచెదరలేదు. 1988లో అక్క పెళ్లికి తీసిన రంగుల ఫొటోల్లో సగం మందికి మొహాల్లేవు. దీంట్లో అదృష్టం పాలు కూడా ఉంది. పాత ఆల్బమ్ పైన ఉండటంతో తక్కువ నానింది. పైగా దాని నల్ల అట్టల మధ్య బటర్ పేపర్ ఉంది, ఫొటోలు మూలల్లో చిన్న కార్నర్లతో నిలబడ్డాయి, జిగురుతో కాదు. కానీ అక్క పెళ్లి ఫొటోలు వరద రాకముందే పాడయ్యాయి. పదిహేనేళ్ల క్రితమే అందరూ ఎర్రగా, ఎండదెబ్బ తగిలినవాళ్లలా అయిపోయారని ఇంట్లో నవ్వుకునేవాళ్లం.

నలుపు తెలుపు ఫొటోలో బొమ్మంతా వెండే. కాగితం మీద జెలటిన్ పూత, ఆ పూతలో బ్రోమిన్, క్లోరిన్‌లతో కలిసిన వెండి స్ఫటికాలు. వెలుగు తగిలిన స్ఫటికాల్లో కంటికి కనిపించనంత చిన్న మార్పు వస్తుంది. డెవలపర్‌లో ముంచితే అవి అచ్చమైన వెండిగా మారతాయి. వెండి అయితే మెరవాలి కదా, నల్లగా ఉందేం అనిపిస్తుంది. ముద్దగా, నున్నగా ఉంటేనే వెండి మెరుస్తుంది. ఫొటోలో అది చిక్కుపడిన దూది పీచులా సన్నగా ఉంటుంది. లోపలికి పోయిన వెలుగు ఆ చిక్కులోనే తిరిగి తిరిగి ఆగిపోతుంది, అందుకే నల్లగా కనిపిస్తుంది. ఇక వెలుగు తగలని స్ఫటికాలను అలాగే వదిలేస్తే ఫొటో మొత్తం నల్లబడిపోతుంది. వాటిని కరిగించి తీసేసే మందే హైపో. వెండి లవణాలను అది కరిగిస్తుందని ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే చూశాడు. 1839లో ఫొటోగ్రఫీ గురించి లోకానికి తెలియగానే అది ఫొటోలను నిలబెట్టే మందయింది.

జెలటిన్ అంటే ఎముకలు, తోళ్లు ఉడికించి తీసే పదార్థం. వెల్లుల్లి కూడా ముట్టని మా అమ్మమ్మ డెబ్బై ఏళ్లుగా దాని మీదే నిలబడి ఉందని ఆమెకు తెలియకపోవడమే మంచిదయింది. ఒకప్పుడు ఈ జెలటిన్ కంపెనీలకు చుక్కలు చూపించింది. ఒక బ్యాచ్‌తో చేసిన ఫిల్మ్ చక్కగా పనిచేసేది, ఇంకో బ్యాచ్‌తో చేసింది మందకొడిగా ఉండేది. 1920ల్లో కొడాక్‌లో పనిచేసిన శామ్యూల్ షెప్పర్డ్ కారణం పట్టుకున్నాడు. ఆవ జాతి మొక్కలు మేసిన పశువుల నుంచి జెలటిన్‌లోకి చేరే గంధకం సమ్మేళనాలే వెండి స్ఫటికాలకు చురుకు పుట్టిస్తున్నాయట! పోపులో ఆవాలకు ఘాటు తెచ్చేది కూడా ఆ రకం గంధకం సమ్మేళనమే.

అలా ఫొటోకి ప్రాణం పోసిన గంధకమే తర్వాత దాన్ని తినేస్తుంది. పెళ్లికి పెట్టిన వెండి పట్టీలు, కుంకుమ భరిణె కొన్నాళ్లకు నల్లబడతాయి కదా. గాలిలోని గంధకం వాయువులతో కలిసి వెండి సల్ఫైడుగా మారడమే దానికి కారణం. ఫొటోలోనూ జరిగేది ఇదే, కాకపోతే అక్కడ నల్లటి వెండి పీచు సన్నని సల్ఫైడు రేణువులై గోధుమ రంగులోకి, పసుపులోకి తిరుగుతుంది. గంధకం బయటి నుంచే రావాలని లేదు. హైపోలోనూ గంధకం ఉంది. దాన్ని పూర్తిగా వదిలించాలంటే ప్రింటును పారే నీళ్లలో చాలాసేపు ఉంచాలి. రోహిణి కార్తెలో, కుళాయి రాని రోజున కడిగిన ప్రింటుకు ఆ భాగ్యం దక్కి ఉండదు. ఇక బెజవాడ స్టేషన్ దగ్గర ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆవిరి ఇంజన్ల కాలమంతా బొగ్గుపొగ వాళ్ల గోడల మీద ఫొటోలకు గంధకం పట్టిస్తూనే ఉండి ఉంటుంది. ఉత్తరాలకూ ఫొటోలకూ రబ్బరు బ్యాండు వేయడం మనకో అలవాటు. రబ్బరు గట్టిపడటానికి కలిపేది గంధకమే. పెద్దమ్మ కట్టలో పైనున్న ఫొటోకి అడ్డంగా బ్యాండు వెడల్పున గోధుమ రంగు గీత పడి ఉంది.

తమాషా ఏమిటంటే, మనకు పాత ఫొటో అనగానే ముచ్చటగా అనిపించే ఆ వెచ్చని గోధుమ రంగును స్టూడియోల వాళ్లు డబ్బు తీసుకుని మరీ వేసేవాళ్లు. సెపియా టోనింగ్ అంటే వెండిని ముందే, పద్ధతిగా సల్ఫైడుగా మార్చేయడం. ఒకసారి మారిపోయిన వెండికి ఇక మారే పని పెద్దగా ఉండదు కాబట్టి ఆ ప్రింటు ఎక్కువ కాలం నిలుస్తుంది. అదే మార్పు దానంతటదే, అక్కడక్కడా జరిగితే మరక.

అమ్మమ్మ ఫొటోని కిటికీ దగ్గర కాస్త వంచి చూశాను. నల్లటి అంచుల్లో నీలంగా, అద్దంలా ఒక తళుకు. తేమకు, గాలికి వెండి కొద్దికొద్దిగా కరిగి, పూత పైకి పాకి, అక్కడ మళ్లీ వెండిగా పేరుకుంటుంది. ఆ తళుకు అదే. కొత్త కాగితం మీద దింపిన నకలుకు ఇది రాదు.

ఆ ఫొటోలో ఇద్దరూ నవ్వరు. పూర్వం ఫొటో తీయడానికి నిమిషాలు పట్టేది, అందుకే ఎవరూ నవ్వేవాళ్లు కాదని చెబుతుంటారు. 1840ల మాటైతే సరే. 1950ల్లో సెకను పట్టినా ఎక్కువే. మా తాతయ్య నవ్వకపోవడానికి కారణం కెమెరా కాదు, మా తాతయ్యే.

అమ్మమ్మ చీర అందులో దాదాపు నల్లగా ఉంది. అది ఎర్రటి పట్టుచీరని పెద్దమ్మకు బాగా తెలుసు, చిన్నప్పుడు దాని కొంగు పట్టుకుని తిరిగింది. తొలినాటి ఫొటోలు తీసిన గాజు ప్లేట్లకు నీలమే ఆనేది. తర్వాత ఆకుపచ్చ, ఎరుపు చివర్న వచ్చాయి. ఎరుపు ఆనని ఫిల్మ్‌లో కుంకుమ బొట్టు కాటుక బొట్టవుతుంది. డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు పెట్టుకోగలిగిందీ ప్రింటు కాగితానికి ఎరుపు ఆనదు కాబట్టే. నాలుగేళ్ల క్రితం ఈ ఫొటోని ఊళ్లో ఒక షాపులో ఇచ్చి రంగులు వేయించాం. అమ్మమ్మకు ముదురు ఆకుపచ్చ చీర కట్టించి, బుగ్గలు నున్నగా చేసి, తాతయ్య నుదుటి మీది గీతలు చెరిపేసి ఇచ్చారు. ఆ బూడిద రంగులో అసలు రంగు ఏదో రాసిపెట్టి లేదు, సాఫ్ట్‌వేర్ ఊహించింది, అంతే. పెద్దమ్మ దాన్ని గోడకి తగిలించనివ్వలేదు.

రంగుల ఫొటోలో వెండి మిగలదు. డెవలప్ చేసేటప్పుడు వెండి ఉన్నచోట రంగులు పుడతాయి, తర్వాత వెండిని కడిగేస్తారు. మిగిలేవి మూడు పొరల్లో మూడు రంగులు: అడుగున పసుపు, మధ్యలో మెజెంటా అనే ముదురు గులాబీ, పైన సయాన్ అనే ఆకాశనీలం. వెండి లోహం, ఇవేమో సేంద్రియ పదార్థాలు. ఆ రోజుల్లో వాడిన కాగితాల్లో సయాన్ బలహీనం, బీరువా చీకట్లో ఉన్నా విరిగిపోయేది. నీలం పోతే మిగిలేది ఎరుపే. అక్క పెళ్లివారందరికీ ఎండదెబ్బ తగిలింది అలాగే. వేడి పెరిగేకొద్దీ రంగు ఇలా విరిగిపోయే వేగం పెరుగుతుంది, మన ఎండాకాలాలు దానికి బాగా కలిసొచ్చాయి.

వరద నీళ్లలో ఇంకోటి కనిపించింది. నానిన జెలటిన్ ఉబ్బుతుంది, బ్యాక్టీరియా దాన్ని తినడం మొదలుపెడుతుంది, పొరలు పైనుంచి ఊడతాయి. ముందు పైనున్న సయాన్ పోయి ఎరుపు, తర్వాత మెజెంటా పోయి పసుపు, చివరికి తెల్ల కాగితం. అక్క పక్కన నిలబడ్డ బావగారి భుజం చుట్టూ ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు వలయాలు మంటలా పాకి ఉన్నాయి. నిజం చెప్పొద్దూ, చూడ్డానికి బాగుంది. అక్కతో ఆ మాట అనలేదు.

అతుక్కున్న తడి ఫొటోలను లాగకూడదు, అలాగే ఎండనివ్వనూ కూడదు. ఎండితే జెలటిన్ జిగురైపోతుంది, ఇక విడదు. శుభ్రమైన చల్లటి నీళ్లలో బేసిన్‌లో నానబెట్టి, వాటంతటవి వదులుతుంటే విడదీశాను. బొమ్మ మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకుని, నవారు మంచం మీద దోమతెర పరిచి, నీడలో బొమ్మ పైకి వచ్చేలా ఆరబెట్టాను. ఒక్కరోజులో పని తెమలదని అర్థమయ్యాక మిగిలినవాటి మధ్య బటర్ పేపర్ పెట్టి, కవర్లో చుట్టి డీప్‌ఫ్రీజర్‌లో తోశాను. గడ్డకడితే బూజు ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్ని తీసుకోవచ్చు. రెండు వారాలు మా ఇంట్లో ఐస్‌క్రీమ్ పెట్టుకోవడానికి చోటు లేదు. నలభైకి పైగా దక్కాయి. అద్దానికి అతుక్కుపోయిన ఫ్రేము ఫొటో ఒకటి దక్కలేదు. దాన్ని అద్దంతో సహా అలాగే ఉంచి, ఫోన్‌తో ఫొటో తీశాను.

ఉత్తరాల కట్టలో ఒక పిక్చర్ పోస్ట్‌కార్డు ఉంది. 1974లో పెద్దనాన్న ఆఫీసు పని మీద ఊటీ వెళ్లి పంపింది. మన దేశంలో పోస్ట్‌కార్డు 1879 జులై 1న కానీ, అంటే పావు అణా, ధరకు వచ్చింది. ఆ తొలి రోజుల్లో బొమ్మల కార్డులకు వెనక వైపంతా చిరునామాకే పోయేది, రాయాలంటే బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించాల్సిందే. 1902లో బ్రిటన్ వెనక వైపును నిలువుగా రెండు చేసి, ఎడమ సగం మాటలకు ఇచ్చింది. మిగతా దేశాలూ అదే పట్టుకున్నాయి. ఈ కార్డూ అలాంటిదే.

భూతద్దం పెట్టి చూస్తే ఊటీ సరస్సు మాయమై చుక్కలు మిగిలాయి. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలు, రథం ముగ్గుకి పెట్టినంత వరసగా. దూరం నుంచి కన్ను వాటిని కలిపేసి ఆకాశం చేసుకుంటుంది. ఇంకా పాత కార్డుల్లో ఆకాశం నమ్మశక్యం కానంత నీలంగా ఉండటానికి వేరే కారణం ఉంది. నీలానికే ఎక్కువగా స్పందించే ప్లేట్ల మీద ఆకాశం తెల్లగా ఖాళీగా పడేది. అచ్చు వేసేచోట, ఆ ఊరు ఎన్నడూ చూడనివాళ్లు దాన్ని తమకు తోచిన రంగుతో నింపేవాళ్లు.

వరద ఈ కార్డు బొమ్మని ఏమీ చేయలేకపోయింది. అచ్చు సిరా నూనెలో కలిపిన పొడి రంగు, నీళ్లకు లొంగదు. వెనక కుడివైపు చిరునామా బాల్‌పెన్‌తో రాసింది, అదీ నూనె సిరానే, స్పష్టంగా ఉంది. ఎడమవైపు మాటలు మాత్రం ఫౌంటెన్ పెన్నుతో రాసినవి. అది నీళ్లలో కరిగే రంగు. అక్కడ లేత నీలం మబ్బు మిగిలింది. గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ని కార్డుకి పక్క నుంచి, దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే పాళీ ఒత్తిన గాడులు నీడలుగా తేలాయి. "చలి" అని ఒక మాట, కింద పెద్దనాన్న సంతకం తోక. మిగతాది దొరకలేదు.

"ఏం రాశారు పెద్దమ్మా ఇందులో?" అని అడిగాను.

కార్డు తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏం రాస్తారు, చలిగా ఉందని రాసుంటారు" అని కళ్లజోడు తీసేసి, కార్డుని తన చేతిసంచిలో పెట్టుకుంది.