పెద్ద మగ దుప్పి పగలు ఎక్కడ పడుకుంటుంది? వేటలో అపోహలు - వాస్తవాలు

ఆ పడక నాకు దొరికింది మార్చి నెలలో. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం నైరుతి మూలలో, కికపూ నది చుట్టూ ఉన్న కొండల్లో మంచు అప్పుడప్పుడే కరుగుతోంది. కొండ ముక్కు దగ్గర, నెత్తి నుంచి కాస్త కిందికి, ఒక ఓక్ చెట్టు కూలి ఉంది. దాని మొదలు వెనుక ఆకులు నలిగి, నేల కోలగా నున్నబడింది. నాలుగు అడుగుల పొడవు ఉంటుంది. అడుగున అంటుకున్న ముతక వెంట్రుకలు, పక్కనే పెంటికలు, రెండు బారల దూరంలో కొమ్ములతో గీరి బెరడు లేపేసిన చిన్న చెట్టు. బ్యాగు దించి అందులోనే కూర్చున్నాను. పడుకున్న దుప్పి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు వంగి చూశాను. లోయ మొత్తం కనిపించింది. వాగు, కోసేసిన మొక్కజొన్న చేను, మట్టి రోడ్డు, ఆ రోడ్డు చివర రెండేళ్లుగా నేను మధ్యాహ్నాలు కారు ఆపుతున్న చోటు.

రెండు వేట సీజన్లు ఆ దుప్పి కోసం నేను వెతికాను. అది నన్ను చూస్తూ నెమరు వేసుకుంది.

పదకొండేళ్లుగా విల్లుతో తెల్లతోక దుప్పిని వేటాడుతున్నాను. ఈ విషయం తెలిసిన తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని, తోటి వేటగాళ్లు నమ్మే కబుర్లు కొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: దుప్పి వేట ఎక్కడైనా నేరమే

భారతదేశంలో నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చుక్కల దుప్పి, కణుజు, కృష్ణజింక అన్నీ రక్షణలో ఉన్నాయి. ఇక్కడ చదివినది ఊరికి వెళ్లినప్పుడు ప్రయత్నించాలని ఎవరికైనా అనిపిస్తే జైలు ఖాయమని ముందే చెబుతున్నాను. అమెరికాలో తెల్లతోక దుప్పి వేట చట్టబద్ధం. అయితే లైసెన్సు, సీజను, అనుమతి ఉన్న నేల ఉండాలి. విస్కాన్సిన్‌లో కొట్టిన ప్రతి దుప్పినీ నమోదు చేయాలి. ఇక్కడ 1973 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లు వేట భద్రత శిక్షణ పూర్తి చేయాలి. అడవి దుప్పి మాంసం అమ్మకూడదు. హోటల్లో దొరికేది పెంపకపు దుప్పి మాంసం. తుపాకులు, తూటాల మీద వేసే పన్నును వన్యప్రాణుల పనులకే ఖర్చు చేయాలన్న చట్టం 1937లో వచ్చింది. తరువాత విల్లంబులకూ పన్ను వర్తింపజేశారు. నా బాణాల ధరలోనూ ఆ వాటా ఉంది.

అపోహ: ముదురు మగ దుప్పి పగలు అస్సలు కదలదు

ఇది వేటగాళ్ల అపోహ. నాలుగైదేళ్ల మగ దుప్పి బొమ్మ కెమెరాలో ఎప్పుడూ రాత్రిపూటే పడుతుంది కాబట్టి అది నిశాచరి అని తీర్మానిస్తారు. ఆ కెమెరా ఎక్కడ కట్టారని అడిగితే, చేను గట్టున అంటారు.

దుప్పి నెమరు వేసే జంతువు. ఆవుకు ఉన్నట్టే దానికీ నాలుగు గదుల కడుపు. గబగబా మేసి, భద్రమైన చోటికి పోయి, తీరిగ్గా నెమరు వేస్తుంది. పొద్దస్తమానం రాయిలా పడి ఉండదు. పగలు కూడా పలుమార్లు లేచి ఒళ్లు విరుచుకుంటుంది, మూత్రం పోస్తుంది, అందిన నాలుగు చిగుళ్లు కొరుకుతుంది, అటు తిరిగి మళ్లీ పడుకుంటుంది. మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చేసిన పరిశోధనల్లోనూ మగ దుప్పుల పగటి కదలిక కనిపిస్తుంది.

చిన్న లెక్క చూడండి. పడక నుంచి చేనుకు అర కిలోమీటరు అనుకుందాం. చీకటి పడటానికి ముప్పావు గంట ముందు అది లేచింది. ముదురు దుప్పి సంతకు పోయే మనిషిలా తిన్నగా నడవదు. పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది, గాలి పీలుస్తుంది, రాలిన ఓక్ కాయలు నాలుగు నములుతుంది, చెవులు తిప్పుతుంది. చేను చేరేసరికి చీకటి. గట్టున మంచె మీద కూర్చున్నవాడికి అది నిశాచరి. పడకకు నూరు గజాల లోపు ఉన్నవాడికి అది నవంబరులో సాయంత్రం నాలుగింటికే లేచి నిలబడే జంతువు. ముదురు దుప్పిని తినే చోట కాచుకోవడం నేను మానేసింది ఈ లెక్క అర్థమయ్యాకే.

అపోహ: ఎంత గుబురుగా ఉంటే అంత మంచి పడక

కొత్తవాళ్లు మ్యాపులో అన్నిటికంటే దట్టమైన పొద వెతికి దాని నడుమ దుప్పి ఉంటుందనుకుంటారు. వీపుకు గుబురు కావాలి, నిజమే. కళ్ల ముందు మాత్రం ఖాళీ కావాలి. అందుకే పడక చాలాసార్లు గుబురు మధ్యలో కాకుండా అంచున దొరుకుతుంది. కూలిన చెట్టు, బండరాయి, చెట్టు వేళ్లు, ఏదో ఒకటి వెనుక ఆనుకుని ఉంటుంది.

ఆడ దుప్పులు వేరు. అవి పిల్లలతో కలిసి మందగా, మేతకు దగ్గరగా పడుకుంటాయి. ఒకేచోట చిన్నా పెద్దా పడకలు అయిదారు కనిపిస్తే అది ఆడవాళ్ల వాడ. మగది సాధారణంగా అక్కడికి దూరంగా, ఒంటరిగా ఉంటుంది.

అపోహ: వాతావరణ యాప్ వాయవ్యం గాలి అంటే కొండలోనూ వాయవ్యమే

నేను ఎక్కువ దెబ్బలు తిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

నైరుతి విస్కాన్సిన్ మంచుయుగంలో హిమానీనదాలు చదును చేయకుండా వదిలిన నేల. అందుకే నిటారు కొండలు, ఇరుకు లోయలు. వాస్తు పుణ్యాన తెలుగువాళ్లకు దిక్కులు కొత్తగా చెప్పనక్కర్లేదు. గాలి వాయవ్యం నుంచి వీస్తే, ఆగ్నేయానికి తిరిగిన వాలు గాలిచాటు అవుతుంది. మగ దుప్పి ఆ వాలులో, పైనుంచి మూడో వంతు దిగువలో, ముందుకు పొడుచుకొచ్చిన కొండ ముక్కు మీద పడుకోవడానికి ఇష్టపడుతుంది. వెనుక నుంచి ఎవరు వచ్చినా కొండ మీదుగా వీచే గాలి వాళ్ల వాసన తెచ్చిస్తుంది. ముందు వైపు కళ్లు కాపలా కాస్తాయి. ఎండ ఎక్కాక వేడెక్కిన గాలి లోయ నుంచి వాలు వెంట పైకి పాకుతుంది, కనుక కింద తిరిగేవాడి వాసన కూడా ముక్కు దగ్గరికే వస్తుంది. ఇంతకంటే మంచి కాపలా ఇల్లు ఎవరు కట్టగలరు?

పొద్దు వాలితే ఈ లెక్క తలకిందులవుతుంది. నేల చల్లబడి, బరువెక్కిన గాలి వాగులో నీళ్లలా కిందికి జారుతుంది. యాప్ చెప్పే గాలి కొండ నెత్తి మీద వీస్తూనే ఉంటుంది, లోయలో మాత్రం ఇంకో గాలి నడుస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి నా జేబులో ఉండేది ఒక ఎండిన కాయ. ఇక్కడి పొలాల గట్ల మీద పెరిగే మిల్క్‌వీడ్ అనే మొక్కది. మన జిల్లేడుకు చుట్టం. అవే పాలు, అదే కాయ, పగిలితే అవే తెల్లటి దూది పింజలు. చిన్నప్పుడు ఊదుకుంటూ పరుగెత్తిన పింజలు ఇప్పుడు నా పనిముట్టు. ఒక సాయంత్రం మంచె మీద నుంచి ఒక పింజ వదిలాను. పది గజాలు అనుకున్న దిక్కుకే పోయింది. అక్కడ గాల్లో ఆగింది. తరువాత ఎవరో దారం పట్టి లాగినట్టు మెల్లగా తల తిప్పుకుని, వాలు వెంట దిగి, నేను దుప్పి వస్తుందనుకున్న పల్లంలోకి సాఫీగా జారిపోయింది. అప్పుడే దిగిపోవాల్సింది. దిగలేదు. పావుగంట తరువాత ఆ పల్లంలోంచే కొమ్ములు కనిపించాయి. పింజ వాలిన చోటికి వచ్చి ఆగింది. ముందు కాలు ఎత్తి నేలను ఒక్క తన్ను తన్నింది. తోక లేపి పరుగెత్తను కూడా లేదు, వచ్చిన దారినే నిశ్శబ్దంగా వెనక్కి నడిచింది. ఆ సీజనులో మళ్లీ దాన్ని చూడలేదు.

ఇదంతా సూత్రంలా పట్టుకోకండి. గాలికి ఎదురుగా తిరిగి పడుకున్న దుప్పులనూ చూశాను. మధ్య విస్కాన్సిన్ చిత్తడి నేలల్లో కొండ ఉండదు, ముక్కు ఉండదు. అక్కడ జమ్ము నడుమ జానెడు ఎత్తున్న పొడి దిబ్బ దొరికితే చాలు, గాలి ఎటున్నా అదే పడక. అక్కడ నేను దిక్కుల సంగతి వదిలేసి మోకాటి లోతు నీళ్లలో పొడి నేల వెతుకుతాను.

అపోహ: అది మనుషులు అడుగుపెట్టని చోటే ఉంటుంది

మనుషులు అడుగుపెట్టని చోటు, మనుషులు పట్టించుకోని చోటు ఒకటి కావు. కారు ఆపే చోటికి ఎనభై గజాల్లో, రోడ్డు పక్క చిన్న పొదలో ముదురు దుప్పి పడుకుని ఉండగా వేటగాళ్లందరూ దాన్ని దాటుకుని మైలు లోపలికి నడుస్తారు. తలుపు వేసిన చప్పుడు విని ఎవరు వచ్చారో, ఎటు పోయారో అది లెక్క పెట్టుకుంటుంది. కొత్త నేల చూడటానికి వెళ్తే ఇప్పుడు నేను ముందు కారు చుట్టూనే వెతుకుతాను.

అపోహ: వాసన పోగొట్టే సబ్బులు, స్ప్రేలు ఉంటే గాలి సంగతి చూడక్కర్లేదు

అమ్మేవాళ్ల అపోహ. శ్వాస విడిచే మనిషికి వాసన లేకుండా చేసే స్ప్రే లేదు. ఉతికిన బట్టలు, రబ్బరు బూట్లు కొంత మేలు చేస్తాయి, అంతవరకే. అంతకంటే ఎక్కువ డబ్బు దాని మీద పెట్టను.

నారింజ రంగు చొక్కా చూసి పారిపోతుందన్నది కూడా ఇలాంటిదే. దుప్పి కంటికి ఎరుపు, నారింజ మనకు కనిపించినంత కొట్టొచ్చినట్టు కనిపించవు, నీలం బాగా తెలుస్తుంది. నవంబరులో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలయ్యే తొమ్మిది రోజుల తుపాకి సీజనులో విల్లు పట్టుకున్నవాడికి కూడా ఆ మెరిసే రంగు తప్పనిసరి. నారింజ వద్దనుకుంటే మెరిసే గులాబీ వేసుకోవచ్చు. జీన్స్ ప్యాంటు మాత్రం ఇంట్లో వదిలి రండి.

అపోహ: కొమ్ము కొనలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది

తెలియదు. దుప్పి కొమ్ము ఎముక. ఏటా చలికాలంలో రాలిపోయి వసంతంలో కొత్తది మొలుస్తుంది. (కృష్ణజింక కొమ్ము అలా రాలదు. తెలుగులో రెండిటినీ కొమ్ము అనే అంటాం కాబట్టి ఈ తికమక.) దాని సైజు వయసుతో పాటు తిండి, వంశం మీద ఆధారపడుతుంది. రెండున్నరేళ్లకే ఎనిమిది కొనలు రావచ్చు, ముసలిదానికి తగ్గిపోవచ్చు. బతికున్న దుప్పి వయసు అంచనా వేయాలంటే ఒళ్లు చూడాలి. ముదిరినదానికి ఛాతీ లోతుగా, పొట్ట వేలాడి, కాళ్లు పొట్టిగా అనిపిస్తాయి. నవంబరులో మెడ ఉబ్బి భుజంలో కలిసిపోతుంది. కొట్టాక పళ్ల అరుగుదల చూస్తారు, అందులోనూ పొరపాట్లు ఎక్కువే.

అపోహ: ఒకసారి లేపితే ఆ పడకకు మళ్లీ రాదు

ఒకసారి పొరపాటున లేపితే చాలాసార్లు తిరిగి వస్తుంది, కొన్నిసార్లు మర్నాడే. మంచి పడక దొరకడం దానికీ కష్టమే మరి. వారానికి మూడుసార్లు అదే దారిన పోయి అదే చెట్టు ఎక్కితే మాత్రం మకాం మారుస్తుంది, లేదా చీకటి పడేదాకా లేవదు. అందుకే ఒక పడక దగ్గర నేను సీజనుకు రెండుసార్లకు మించి కూర్చోను. మొదటిసారి కూర్చున్నదే అన్నిటికంటే మంచి అవకాశం. ఎక్కిన ప్రతిసారీ ఒంటి నిండా పట్టీలు, చెట్టుకు తాడు. ఈ వేటలో మనుషులకు ఎక్కువ దెబ్బలు తగిలేది మంచె మీద నుంచి పడే.

అపోహ: పౌర్ణమిని బట్టి ఎద కాలం మారుతుంది

మారదు. పగటి పొడవు తగ్గడాన్ని బట్టి వస్తుంది కనుక ఇక్కడ ఏటా నవంబరు మధ్యలోనే జోరందుకుంటుంది. ఆ రెండు వారాలు మగ దుప్పి తన పడక నియమాలు చాలావరకు పక్కన పెట్టి, ఆడ దుప్పులు పడుకునే చోట్లకు గాలి దిగువన నడుస్తూ ఎద వాసన పట్టుకుంటుంది. అప్పుడు నేనూ అక్కడికే మకాం మారుస్తాను.

అపోహ: దుప్పి మాంసం నీచు కొడుతుంది

ఎలా కోశారన్నదాన్ని బట్టి ఉంటుంది. వెంటనే పేగులు తీసి, చల్లబరిచి, కొవ్వు మొత్తం గీకేస్తే కొట్టదు. దుప్పి కొవ్వు చల్లారితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది, ఆ కొవ్వును కూరలో వదిలేసినవాళ్లే ఈ ప్రచారం చేస్తారు. గోంగూరతో బాగా కుదురుతుంది. ఒక్క జాగ్రత్త: విస్కాన్సిన్ దుప్పుల్లో మెదడును తినేసే ప్రాణాంతక రోగం ఒకటి 2002లో బయటపడింది. దానికి కారణమైన ప్రియాన్లు అనే చెడిన ప్రొటీన్లు వంటలో ఉడికించినా నశించవు. ఆ మాంసం వల్ల మనిషికి రోగం వచ్చినట్టు రుజువు కాలేదు, అయినా రోగం ఉందని తేలిన దుప్పిని తినవద్దనే ఆరోగ్య శాఖల సలహా. నేను తల పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా మాంసం ఫ్రీజర్‌లో పెడతాను.

అపోహ: సీజను అయిపోతే పని అయిపోయినట్టే

నా పని అప్పుడే మొదలవుతుంది. మంచు కరగడానికీ చిగుళ్లు రావడానికీ మధ్య ఒక నెల దొరుకుతుంది. నిరుడు శరదృతువులో పడిన బాటలు, బెరడు గీరిన చెట్లు, పడకలు అన్నీ ఆకు అడ్డం లేకుండా కనిపిస్తాయి. అప్పుడు దుప్పిని లేపినా నష్టం లేదు, సెప్టెంబరుకు మరిచిపోతుంది. ప్రతి పడకలోనూ కూర్చుంటాను. ఏ గాలికి ఇక్కడ పడుకుంటుందో, ఇక్కడి నుంచి ఏం కనిపిస్తుందో, దానికి కనిపించకుండా ఎటు నుంచి రావచ్చో నోటుబుక్కులో రాసుకుంటాను. మొదట చెప్పిన ఆ ఓక్ చెట్టు పడక పక్కన నా రాత ఇలా ఉంది: "వాయవ్యం గాలి. లోయలోంచి రావద్దు. కారు కొండ అవతల ఆపాలి, వాగు పాయలో నడవాలి, పడమటి వైపు మూడో చెట్టు."