నీళ్ళ మీద కాపురం

అమ్ములూ, చిన్నూ,

మొన్న మీరు ఫోన్లో చూపించిన వీడియో నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. సిలిండర్ లేకుండా సముద్రం అడుగున నడుచుకుంటూ వెళ్ళి చేపను కొట్టిన మనిషిని చూసి, "అమ్మమ్మా, ఆయనకి మొప్పలున్నాయా?" అని అడిగారు కదా. జవాబు కాస్త పెద్దది, అందుకే ఉత్తరం రాస్తున్నా.

వాళ్ళు బజావోలు అనే సముద్రపు జనం. ఫిలిప్పీన్స్ దక్షిణాన తావి-తావి దీవులు, మలేషియాలో సెంపోర్నా, ఇండోనేషియాలో సులవేసి తీరం వాళ్ళ చోట్లు. ఫిలిప్పీన్స్ వైపు వాళ్ళు తమని సామా దిలావుత్ అని చెప్పుకుంటారు. సముద్రపు సామాలు అని దానర్థం.

మొప్పలు లేవు. కానీ వాళ్ళ ప్లీహం (కడుపులో ఎడమవైపుండే అవయవం) పక్క ఊళ్ళో సేద్యం చేసుకునేవాళ్ళకంటే సుమారు 50 శాతం పెద్దదని 2018లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఊపిరి బిగబట్టి మునిగినప్పుడు ప్లీహం ముడుచుకుని, తనలో దాచుకున్న, ఆక్సిజన్ మోసే ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. విచిత్రం ఏమిటంటే, నీళ్ళలోకి దిగని బజావోలకు కూడా అది పెద్దగానే ఉంది. తాతల నాటి నుంచి చేసిన పని ఒంట్లోకే దిగిపోయిందన్నమాట.

పూర్వం వాళ్ళ ఇల్లు లెపా అనే పడవ. వంట, నిద్ర, పిల్లల పెంపకం అంతా అందులోనే. చెక్క పడవలో నిప్పు రాజేయడమెలా అనుకుంటున్నారా? దానికోసం లాపొహాన్ అనే మట్టి పొయ్యి ఉండేది. పట్టిన చేపలు నేల మీద ఉండేవాళ్ళకిచ్చి కర్రపెండలం, బియ్యం తెచ్చుకునేవారు. తావి-తావిలోని సీతాంగ్‌కాయ్‌లో కొత్త బియ్యం రాగానే ముందు ఒంబోలకు, అంటే చనిపోయిన పెద్దలకు, సమర్పిస్తారు. పొలమే లేనివాళ్ళు కొత్త బియ్యానికి పండగ చేయడం నాకెంతో నచ్చింది. సంక్రాంతికి మనం పెద్దలకు పెట్టుకోవడమే గుర్తొచ్చింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది చాప. బజావోల బంధువులైన తావి-తావి సామా ఆడవాళ్ళు దాన్ని అల్లుతారు. ఆకు పాండన్, మన మొగలి జాతిదే. ముళ్ళు తీసి, చీల్చి, ఎండబెట్టి, మొద్దు కింద నొక్కి, రంగు నీళ్ళలో ఉడికించి, ఆ తర్వాతే అల్లిక. ఈ విద్య తల్లి నుంచి కూతురికి వస్తుంది. హాజా అమీనా అప్పి అనే ఆవిడకు కొన్న రంగులు వెలవెలపోతున్నట్టు అనిపించి, తనే రంగులు కలుపుకుంది. ఆవిడకు 2004లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే పెద్ద గౌరవం ఇచ్చింది. ఆ చాప మీద నిద్రపోతారు, పెళ్ళిళ్ళకు కానుకగా ఇస్తారు, అమ్ముకుంటారు కూడా. కళ వేరు, కూడు వేరు అని వాళ్ళు విడదీసుకోలేదు.

ఇప్పుడు చాలామంది నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ళలో ఉంటున్నారు. సముద్రపు నాచును తాళ్ళకు కట్టి పెంచుతారు. మీరు తినే ఐస్‌క్రీమ్ చిక్కగా ఉండడానికి వాడే పదార్థం అలాంటి నాచు నుంచే వస్తుంది. నీళ్ళు మరీ వేడెక్కితే నాచు తెల్లబడి రాలిపోతుంది, ఆ పంట పోయినట్టే.

నాకు బాధ కలిగించే సంగతి కూడా చెప్పాలి. 1994 నుంచి సెంపోర్నాలో ఏటా లెపా పడవల పండగ జరుగుతోంది. రంగురంగుల తెరచాపలు, గంటల వాయిద్యాలు, ఇగల్ నాట్యం, చూడటానికి టూరిస్టులు. కానీ అదే సముద్రంలో పుట్టిన ఎందరో బజావో పిల్లలకు ఏ దేశపు కాగితాలూ లేవు. కాగితం లేకపోతే బడి దొరకడం కష్టం, ఆసుపత్రికి వెళ్ళాలన్నా టెన్షన్. 2024 జూన్‌లో సెంపోర్నా దగ్గర అధికారులు వాళ్ళ ఇళ్ళు చాలా పడగొట్టారు. పడవను పండగకు పిలిచి, పడవ మనిషిని పంపేయడం తప్పని నేను గట్టిగా అనుకుంటాను. చేప పట్టే చోటే లేకపోతే, మునగడం పిల్లలకు ఎవరు నేర్పుతారు?

ఆ వీడియో ఇంకోసారి చూడండి. ఆయన కళ్ళజోడు ఫ్రేమ్ చెక్కతో చెక్కింది, దానికి గాజు అతికించుకున్నారు. మొదటిసారి మనం దాన్ని గమనించనేలేదు.

మీ
అమ్మమ్మ